గ్రీన్‌కార్డు భయంతో స్కూలుకు రాయాల్సిన మెయిల్ ఆపకండి

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. భర్త హెచ్‌-1బీ మీద ఒక కన్సల్టెన్సీ తరఫున పనిచేస్తున్నారు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది, క్యూలో తమ వంతు తెలిపే ప్రయారిటీ డేట్ కోసం ఎదురుచూస్తున్నారు. ఆమెకు హెచ్‌-4 ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఉంది. బాబు అక్కడే పుట్టాడు, ఇప్పుడు మూడేళ్ల మూడు నెలలు. ఏడాదిన్నరకు "పాలు", "తాత", "బై" అనేవాడు. రెండేళ్లు దాటేసరికి ఆ మాటలు కూడా పోయాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. బొమ్మకారును నడిపించడు, తిరగేసి చక్రం తిప్పుకుంటూ కూర్చుంటాడు. డేకేర్ వాళ్లు మా వల్ల కాదన్నారు, ఆమె ఉద్యోగం మానేశారు.

పిల్లల డాక్టరు ఆటిజం కావచ్చని అనుమానించి డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కు రాశారు. అపాయింట్‌మెంట్ తొమ్మిది నెలల తర్వాత దొరికింది. ఈలోగా ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ను అడగమని కూడా చెప్పారు. భర్త వద్దంటున్నారు. "రికార్డుల్లోకి ఎక్కితే పోదు, రేపు గ్రీన్‌కార్డుకు అడ్డం పడుతుంది, మా ఇంట్లో మగపిల్లలకి మాటలు ఆలస్యమే" అన్నది ఆయన వాదన. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు వచ్చే నెల తిరిగి వెళ్తూ బాబును తనతో పంపమంటున్నారు. నలుగురు పిల్లల్లో పడితే మాటలు అవే వస్తాయన్నది ఆవిడ నమ్మకం. భర్త కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏబీఏ థెరపీ, అంటే ఆటిజం పిల్లలకు ఇచ్చే ప్రవర్తన శిక్షణ, లేదు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని డేకేర్ టీచరు సలహా ఇచ్చింది. "దేనితో మొదలుపెట్టాలో తెలియడం లేదు. అన్నీ వదిలేసి ఇండియా వెళ్లిపోవడమే మేలా?" అని అడుగుతున్నారు.

సమాధానం

మీరు రాసినవాటిలో గడియారం నడుస్తున్నది ఒక్కదానికే: స్కూలు పరీక్ష, అంటే బాబుకు ప్రత్యేక విద్య అవసరమా అని స్కూల్ డిస్ట్రిక్ట్ చేసే పరీక్ష. మిగతావి, అంటే ఇండియా, ఇన్సూరెన్స్, మీ ఉద్యోగం, ఒకటి రెండు నెలలు ఆలోచించి తేల్చుకున్నా నష్టం లేదు. స్కూలుకు అడగడానికి మాత్రం డాక్టరు నిర్ధారణ అక్కర్లేదు, ఇంట్లో అందరూ ఒప్పుకునేదాకా ఆగనూ అక్కర్లేదు. కాబట్టి ముందు మీవారి భయం సంగతి చూద్దాం, మిమ్మల్ని ఆపుతున్నది అదే.

గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసేది మీరిద్దరు. బాబు అమెరికా పౌరుడు, ఆ దరఖాస్తులో వాడు లేనే లేడు, వాడికి ఇమిగ్రేషన్ మెడికల్ పరీక్ష కూడా ఉండదు. ప్రత్యేక విద్య అన్నది 1975 నుంచి ఉన్న అమెరికా కేంద్ర చట్టం కింద వచ్చే హక్కు. ఇప్పుడు దాన్ని ఐడియా చట్టం అంటారు. తల్లిదండ్రుల వీసా ఏమిటని ఆ చట్టం అడగదు. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు, అసలు కాగితాలే లేని పిల్లలకు కూడా పబ్లిక్ స్కూలు చదువు నిరాకరించకూడదని చెప్పింది. ఆ కేసు మొదలైంది మీరున్న టెక్సాస్‌లోనే. గ్రీన్‌కార్డు అడిగేవాళ్లు ప్రభుత్వానికి భారమవుతారా అని చూడటాన్ని పబ్లిక్ చార్జ్ అంటారు. దాని గురించి 2022లో వచ్చిన నిబంధన ప్రధానంగా చూసేది రెండింటిని. బతకడానికి ప్రభుత్వం ఇచ్చే నగదు సాయం ఒకటి, ప్రభుత్వ ఖర్చుతో సంస్థలో దీర్ఘకాలం ఉండటం రెండోది. అది కూడా దరఖాస్తుదారుడు తనకోసం తీసుకున్నవే. పిల్లవాడికి స్కూల్లో స్పీచ్ థెరపీ ఇస్తే అది ఈ లెక్కలోకి రాదు. పబ్లిక్ చార్జ్ నిబంధనను మార్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి కాబట్టి మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య సాయం) లాంటివి తీసుకునే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్ను ఒక మాట అడగండి. స్కూలు సేవల కోసం మాత్రం ఆగొద్దు. బడి రికార్డులు ఫెర్పా చట్టం కింద గోప్యంగానే ఉంటాయి.

ఇండియాలో పుట్టి హెచ్‌-4 మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. స్కూలు హక్కు మీ పిల్లలకూ ఇంతే ఉంది. ఆటిజం ఉందన్న ఒక్క కారణంతో గ్రీన్‌కార్డు నిరాకరించరు. మీరు కంగారుపడాల్సింది 21 ఏళ్లు నిండితే హెచ్‌-4 పోతుందన్న విషయం గురించి. పిల్లవాడికి పదిహేనేళ్లు రాకముందే లాయర్‌తో కూర్చుని వయసు లెక్క కట్టించుకోండి.

ఇక మెయిల్. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్ పేరు, మెయిల్ ఉంటాయి. ఆ మనిషికే రాయండి. ఫోన్‌లో అడిగితే, స్కూలు ఆఫీసులో నోటిమాటగా చెప్తే గడువు మొదలుకాదు. చాలామంది నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. "ఆగస్టులో రండి", "డాక్టరు రిపోర్టు తెచ్చాక చూద్దాం" అంటారు, మనం మర్యాదకు సరేనని వచ్చేస్తాం. మెయిల్‌లో బాబు పేరు, పుట్టిన తేదీ, మీ చిరునామా, ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అన్న సంగతి రాయండి. ప్రత్యేక విద్య కింద పూర్తి వ్యక్తిగత మూల్యాంకనం కోరుతున్నామనీ, ఆటిజం అనుమానం ఉందనీ స్పష్టంగా పెట్టండి. మాట, నలుగురితో కలవడం, ప్రవర్తన, చేతిపనులు, సొంతంగా తినడం, టాయ్‌లెట్ వీటన్నిటినీ పరీక్షించమనండి. సమ్మతి పత్రం పంపమని చివర్లో అడగండి. "స్పీచ్ ఒక్కటే చూడండి" అని రాస్తే అదొక్కటే చూసి, స్పీచ్ ఒక్కటే ఇస్తారు.

మెయిల్ అందాక 15 స్కూలు రోజుల్లోగా వాళ్లు పరీక్షిస్తామనో, పరీక్షించబోమనో కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పాలి. మీరు సమ్మతి సంతకం చేశాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. ఆ తర్వాత 30 రోజుల్లో మీటింగ్ పెట్టాలి. బిడ్డకు ఏ సేవలివ్వాలో తేల్చే ఈ మీటింగ్‌ను మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అనీ, టెక్సాస్‌లో ఏఆర్‌డీ అనీ అంటారు. ఆ 15, 45 స్కూలు నడిచే రోజులు, వాటిలో సెలవులు లెక్కలోకి రావు. 30 మాత్రం మామూలు రోజులు. అందుకే ఏప్రిల్‌లో పంపిన మెయిల్‌కూ, సెప్టెంబరులో పంపిన మెయిల్‌కూ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. కుదరదని రాతపూర్వకంగా చెప్తే దాని మీద ఫిర్యాదు చేసుకోవచ్చు. జవాబే ఇవ్వకపోతే అది గడువు ఉల్లంఘన, దాని మీదా చేసుకోవచ్చు. పాత కాపురస్థులు "టెక్సాస్‌లో అడిగినా ఇవ్వరు" అనడం మీరు విని ఉండొచ్చు. దానికి కారణం ఉంది. ప్రత్యేక విద్యలో ఉన్న పిల్లలు 8.5 శాతం మించకుండా చూసే కొలమానం ఒకటి ఇక్కడ ఏళ్ల తరబడి నడిచింది. అది చట్టవిరుద్ధమని కేంద్ర విద్యాశాఖ 2018లో తేల్చింది. అప్పటికే దాన్ని తీసేశారు. ఆనాటి అనుభవంతో ఈనాటి నిర్ణయం తీసుకోవద్దు.

పరీక్ష రోజుకు ఇంట్లోనే కొంత సిద్ధం చేసుకోవాలి. ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాల వీడియోలు తీయండి. వాడు చక్రం తిప్పుతున్నప్పుడు వెనకనుంచి పేరు పెట్టి మూడుసార్లు పిలవండి, చూస్తాడో లేదో అందులో కనబడాలి. నీళ్లు కావాలంటే ఏం చేస్తాడు, అన్నం దగ్గర ఎలా కూర్చుంటాడు, పక్కింటి పిల్లవాడు వస్తే ఏం చేస్తాడు, ఇవీ తీయండి. ఎక్కడా సాయం చేయకండి, ముద్దుచేసి నవ్వించకండి, రోజూ ఎలా ఉంటాడో అలాగే రానివ్వండి. ఒక కాగితం మీద వాడు ఒకప్పుడు అన్న ప్రతి మాటా రాసి, ఏ నెలలో మొదట విన్నారో, ఏ నెలనుంచి వినబడలేదో పక్కన వేయండి. పాత వాట్సాప్ వీడియోల్లో వెతికితే తేదీలు దొరుకుతాయి. వచ్చిన మాటలు పోవడం అన్నది పరీక్షించేవాళ్లు చాలా ముఖ్యంగా చూసే సంగతి. మీవారు చెప్పే "ఆలస్యంగా మాట్లాడిన మగపిల్లల"కు ఇది ఉండదు. పేరుకు పలక్కపోవడమూ మామూలు ఆలస్యం కాదు. వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే ఈ నెలలోనే చేయించండి. అది తేలకుండా మిగతా పరీక్షలు నిలబడవు.

భాష దగ్గర రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఇంగ్లిష్ బొమ్మలు చూపించి ఇంగ్లిష్‌లో అడిగి, వాడికి తెలిసిన "బువ్వ", "రా", "కూర్చో" లెక్కలోకి రాకుండా మార్కు వేయడం ఒకటి. ఇంట్లో వేరే భాష కదా, అందుకే మాట రాలేదని తేల్చేసి పంపించెయ్యడం రెండోది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఏడాది పోతుంది. సాధ్యమైనంతవరకు బిడ్డ సొంత భాషలో పరీక్షించాలని చట్టంలోనే ఉంది. తెలుగు వచ్చిన థెరపిస్టు దొరక్కపోవచ్చు. దుబాసీని పెట్టమని మెయిల్‌లోనే అడగండి. తెలుగులో చెప్పినా అర్థం చేసుకోడు, సైగ చేసినా చూడడు అన్నది ఉదాహరణలతో చెప్పండి. రెండు భాషల్లోనూ ఇబ్బంది ఉంటే అది భాషవల్ల వచ్చింది కాదని వాళ్లకు తెలుసు.

డేకేర్ టీచరు మాట పట్టుకుని తెలుగు మానకండి. రెండు భాషలు వినడంవల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందనడానికి ఆధారం లేదు. అధ్యయనాల్లో ఆ నష్టం కనబడలేదు. తెలుగు మానేస్తే మాత్రం నష్టం కచ్చితం. మీకు అలవాటైన భాషలో రోజంతా వాడితో మాట్లాడతారు, పాడతారు, ఊరడిస్తారు. రాని యాసలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే వాడు వినే మాటలే తగ్గిపోతాయి. థెరపీలో వాడే ఓ పది ఇంగ్లిష్ మాటలు, అంటే మోర్, హెల్ప్, ఆల్ డన్ లాంటివి, ఇంట్లోనూ అలాగే వాడండి. మిగతాదంతా తెలుగే.

ఏఆర్‌డీ మీటింగ్‌లో మీరు అతిథులు కారు, ఆ కమిటీలో సభ్యులు. మనవాళ్లు టీచరంటే గౌరవంతో చూపించినచోట సంతకం పెట్టి వచ్చేస్తారు. రిపోర్టు ముందే పంపమనండి, మీటింగ్‌లో మొదటిసారి చూడకండి. లక్ష్యాలు చదివేటప్పుడు అంకె ఉందా లేదా చూడండి. "భావవ్యక్తీకరణ మెరుగుపరుచుకుంటాడు" అన్నది లక్ష్యం కాదు, ఏడాది చివర దాన్ని ఎవరూ కొలవలేరు. "కావలసిన వస్తువును మాటతోగానీ బొమ్మకార్డుతోగానీ పదిసార్లలో ఎనిమిదిసార్లు అడుగుతాడు" అంటే కొలవొచ్చు. స్పీచ్ వారానికి ఎన్ని నిమిషాలు, ఒక్కడికేనా గుంపులోనా, అన్నది రాయించండి. ఆటిజం అర్హత వస్తే టెక్సాస్ నిబంధనల ప్రకారం 11 అంశాలున్న అనుబంధాన్ని ఒక్కొక్కటిగా చర్చించాలి. ఇంటి దగ్గర శిక్షణ, తల్లిదండ్రులకు శిక్షణ, సెలవుల్లో కొనసాగింపు, ఎంతమంది పిల్లలకు ఒక టీచరు అన్నవి అందులో ఉన్నాయి. వాళ్లు పేజీ తిప్పేస్తే ఆపి, "మా బాబుకు ఇది ఎందుకు అవసరం లేదు?" అని అడగండి. ఒప్పుకోకపోతే ఆ పూట సంతకం పెట్టక్కర్లేదు. పది స్కూలు రోజుల్లోపు మళ్లీ కూర్చోవచ్చు. వాళ్ల పరీక్షే సరిగ్గా లేదనిపిస్తే, బయటి నిపుణులతో డిస్ట్రిక్ట్ ఖర్చుమీద మళ్లీ చేయించమని అడిగే హక్కుంది. వెంట ఎవరైనా అనుభవమున్న మనిషి ఉంటే బాగుండు అనిపిస్తే పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్ అనే సంస్థ టెక్సాస్ తల్లిదండ్రులకు ఉచితంగా సాయం చేస్తుంది. ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి కేంద్రం ఒకటి ఉంటుంది.

స్కూలు ఇచ్చే ఆటిజం అర్హత వేరు, డాక్టరు ఇచ్చే నిర్ధారణ వేరు. ఏబీఏకు డబ్బు కట్టాలంటే ఇన్సూరెన్స్ కంపెనీ మామూలుగా రెండోదే అడుగుతుంది. తొమ్మిది నెలల అపాయింట్‌మెంట్ వదులుకోకండి, దాంతోపాటు పిల్లల సైకాలజిస్టులను మరో ముగ్గురు నలుగురిని ప్రయత్నించండి, వాళ్ల దగ్గర క్యూ తరచు చిన్నది. ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని అన్నిచోట్లా పేరు రాయించండి. వెళ్లేముందు, ఎవరి నిర్ధారణ ఒప్పుకుంటారు, ఏడాస్ పరీక్ష (పిల్లవాణ్ని ఆడిస్తూ గమనించి చేసే ఆటిజం పరీక్ష) ఉండాలా అని ఇన్సూరెన్స్ వాళ్లను అడిగి ఆ జవాబు రాసిపెట్టుకోండి.

ఏబీఏ లేదని ఎవరు చెప్పారు? కార్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే చెప్పారా, ప్లాన్ పుస్తకంలో చదివారా? మీవారి హెచ్‌ఆర్‌కు ఒకే ప్రశ్న రాయండి: ప్లాన్ ఫుల్లీ ఇన్సూర్డా (ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీ భరించేది), సెల్ఫ్ ఫండెడా (ఉద్యోగమిచ్చిన కంపెనీయే భరించేది)? ఫుల్లీ ఇన్సూర్డ్ గ్రూప్ ప్లాన్ అయి, టెక్సాస్‌లో జారీ అయినదైతే, పదేళ్లలోపు నిర్ధారణ అయిన పిల్లలకు ఆటిజం చికిత్స ఇవ్వాలని రాష్ట్ర చట్టం చెప్తుంది. సెల్ఫ్ ఫండెడ్ అయితే ఆ చట్టం వర్తించదు, కంపెనీ కావాలనుకుంటే చేర్చవచ్చు. చేర్చమని అడగడం తప్పు కాదు. వాళ్లు చేర్చకపోతే మీ ముందు రెండు దారులున్నాయి. మీ ఈఏడీతో మీరు పెద్ద సంస్థలో చేరితే ఆ ప్లాన్‌లో ఏబీఏ ఉండే అవకాశం ఎక్కువ, కానీ వాణ్ని థెరపీలకు తిప్పేదెవరు అన్న ప్రశ్న వస్తుంది. లేదంటే మీవారు కంపెనీ మారొచ్చు. ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి పాత ప్రయారిటీ డేట్ ఉంటుంది, కొత్త కంపెనీ మాత్రం పెర్మ్, అంటే గ్రీన్‌కార్డుకు ముందు కార్మిక శాఖ నుంచి తీసుకునే ధ్రువీకరణ, మళ్లీ మొదలుపెట్టాలి. ఇది కుదిరేదాకా స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీలకు ప్లాన్‌లో ఎన్ని విజిట్లున్నాయో చూసి అవి వాడుకోండి. ఏబీఏ దొరికాక కూడా వారానికి నలభై గంటలు అనగానే సరే అనకండి. మూడేళ్లవాడికి అది పెద్దవాళ్ల ఉద్యోగమంత. మీరు కూర్చుని చూడనివ్వని సెంటరు, రోజూ ఏడుస్తూ వెళ్తుంటే "అలవాటవుతాడు" అనే సెంటరు వద్దు.

ఇండియా మాట. మీ అత్తగారు చెప్తున్నదీ, మీరు అడుగుతున్నదీ ఒకటి కావు. వాణ్నొక్కణ్నే పంపడం గురించి అయితే నా అభిప్రాయం సూటిగా చెప్తాను, వద్దు. మాట రానివాడికి అమ్మానాన్న ఎక్కడికి పోయారో చెప్పే మార్గం లేదు, వాడికి అడిగే మార్గమూ లేదు. తిరిగి రావాలంటే మళ్లీ వీసా స్టాంపింగ్ కావాలన్న భయంతో మీవారు వెంటనే వెళ్లి చూడలేరు. ఇక్కడ మొదలైన పరీక్ష ఆగిపోతుంది. నలుగురు పిల్లల్లో ఉండటం మంచిదే, కానీ పక్కపిల్లలను చూసి అనుకరించడమే రానప్పుడు గుంపులో ఇంకా ఒంటరి అవుతాడు.

ముగ్గురూ కలిసి వెళ్లడం మాత్రం నిజంగా ఆలోచించదగ్గ దారి. అక్కడ మనుషుల అండ ఉంటుంది, ఉద్యోగం పోతే 60 రోజుల్లో దేశం వదలాలన్న భయం ఉండదు, చుట్టూ ఒకే భాష. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే ఎన్‌ఐఈపీఐడీ లాంటి జాతీయ సంస్థ ఉంది. అక్కడి 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. కానీ మంచి థెరపీ చాలావరకు ప్రైవేటు, సెషన్‌కు ఇంత అని సొంతంగా కట్టుకోవాలి. బడి చేర్చుకోనంటే ఇక్కడిలా గడువులు పెట్టి అడిగే వీలు తక్కువ. బాబు అమెరికా పౌరుడు కాబట్టి ఓసీఐ తీసుకోవాలి, వైకల్య ధ్రువపత్రం మీద వచ్చే రాయితీలు వాడికి అందుతాయని లెక్క వేసుకోవద్దు. వెళ్లేదైనా స్కూలు రిపోర్టు, డాక్టరు నిర్ధారణ చేతిలో పట్టుకుని వెళ్లండి, అక్కడ మొదటినుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది. వాడు 21 ఏళ్లలోపు ఎప్పుడు తిరిగొచ్చినా ఇక్కడి స్కూలు హక్కు మళ్లీ ఉంటుంది. ఎక్కడున్నా ఒకటి గుర్తుంచుకోండి. ఆటిజానికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని, ఒంట్లో లోహాలు తీసేస్తామని చెప్పేవాళ్లు రెండు దేశాల్లోనూ ఉన్నారు. ఈ రెండింటి గురించీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. లోహాలు తీసే మందులు ప్రాణాలకే ముప్పు.

టెక్సాస్‌లోనే ఉండేట్టయితే ఈ వారమే చేయాల్సిన ఇంకో పని, మెడికెయిడ్ వెయివర్ల (వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే సేవలిచ్చే పథకాలు) ఇంట్రెస్ట్ లిస్టులో, అంటే వాటి క్యూలో, బాబు పేరు రాయించడం. వాటిలో హెచ్‌సీఎస్, టెక్సాస్ హోమ్ లివింగ్ అనే పథకాల కోసం మీ కౌంటీ లిడ్డాకు (మేధో వైకల్య సేవలు చూసే స్థానిక సంస్థ), క్లాస్ అనే పథకం కోసం రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఫోన్ చేయాలి. హెచ్‌సీఎస్, క్లాస్ పథకాల్లో మీ జీతం చూడరు, వాడి పేరుమీది ఆదాయమే చూస్తారు. పేరు రాయించడానికి నిర్ధారణ అక్కర్లేదు. పిలుపు రావడానికి పదేళ్లు దాటడం మామూలే, అందుకే ఇప్పుడు. ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మార్పించండి, ఉత్తరం తిరిగొస్తే పేరు పోవచ్చు. వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడ క్యూ మళ్లీ మొదటినుంచి.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దానివల్ల బాబుకు నష్టం లేదు. ఆవిడకు ఒక పని అప్పగించండి. రోజూ ఒకే పాట, ఒకే చోట ఆపి, వాడు కళ్లెత్తి చూసేదాకా ఆగడం. చూడగానే మిగతా పాట అందుకోవడం. వెళ్లాక కూడా వీడియో కాల్‌లో అదే పాట పాడొచ్చు.

మీవారిని "ఆటిజం ఉందని ఒప్పుకోండి" అని అడక్కండి, ఆయన ఒప్పుకోలేరు ఇప్పుడు. పరీక్షకు సమ్మతి వేరు, సేవలకు సమ్మతి వేరు, రెండు వేర్వేరు సంతకాలు. మొదటిదానికి ఒప్పుకోమనండి. రిపోర్టులో ఏమీ లేదని వస్తే ఆయన మాటే నెగ్గుతుంది. ఉందని వచ్చినా సేవలు మొదలుపెట్టాలంటే మళ్లీ మీ సమ్మతి కావాలి, మొదలయ్యాక కూడా రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. ఆ పేరు పిలిచే వీడియో ఆయనే తీస్తే ఇంకా మంచిది. అప్పటికీ ఒప్పుకోకపోతే పరీక్ష సమ్మతికి మామూలుగా ఒక్కరి సంతకం చాలు. మీరొక్కరే పెట్టి ఆయనకు తర్వాత తెలిస్తే ఇంట్లో నమ్మకం దెబ్బతింటుంది, ఆయన ఏఆర్‌డీలో మీకు ఎదురుగా కూర్చునే పరిస్థితి రావచ్చు. పెట్టకుండా ఆగితే నెలలు వాడివి పోతాయి. నేనైతే ఒక తేదీ చెప్పి ఆగమంటాను: "వచ్చే శుక్రవారం మెయిల్ పంపుతున్నాను, కలిసి పంపుదామా?" అని ముందే చెప్పి, ఆ రోజు పంపేయండి.